‘అందుచేత’ అని మొదలైన ఉత్తరం

చచ్చిపోయిన మనిషి ఉత్తరాన్ని రుదకోవ్ నా ముందు పరిచిన తీరు చూస్తే, దాన్ని తనే రాసి బహుమతి కొట్టాడేమో అనుకోవాలి.

“చదువుకోండి సవ్వా యెగోరొవిచ్. కళ్ళజోడు మరిచిపోలేదుగా?”

మరిచిపోలేదు. గురువారం ఉదయం పదకొండు గంటలు. సంగీతకర్త గూరి మిత్రొఫానొవిచ్ తొరోపోవ్ మంగళవారం సాయంత్రం తన గదిలో, తన రాతబల్ల ముందు, తన కుర్చీలోనే పోయాడు. లెనిన్‌గ్రాద్‌లో అంత పేరున్న మనిషి పోతే మిలిషియా పోలీసుల కంటే ముందు సంతాప ప్రకటనలు రాసేవాళ్ళు వస్తారు. ఈసారి వాళ్ళ జాడ లేదు. విషం తాగి చచ్చినవాడికి ఏ విశేషణాలు తగిలించాలో పైనుంచి ఇంకా ఎవరూ చెప్పలేదు మరి.

రుదకోవ్ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో దర్యాప్తు అధికారి. ముప్పై రెండేళ్ళు. బూట్లలో మొహం చూసుకోవచ్చు, ఆ పని అతను తరచుగా చేస్తాడు కూడా. నాకు యాభై ఆరు. మిలిషియాలో మేజర్ కుజెలెవ్ అంటే నేనే. ఈ కేసు మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కలిపి అంటే, మెట్లెక్కి దిగడం నాకు, నివేదిక కింద సంతకం అతనికి.

గీతల కాగితం మీద నల్ల సిరా. దారం పరిచినట్టు సన్నని, వంక పెట్టలేని రాత.

‘అందుచేత మీ ముందు తల ఎత్తుకుని నిలబడే అర్హత నాకు లేదు. నా దారి తప్పుడు దారి. నా చెవి నన్ను మోసం చేసింది, నేను ప్రజలను మోసం చేశాను. ఏ శిక్ష అయినా నాకు తక్కువే. నన్ను క్షమించండి. గూరి తొరోపోవ్.’

“చేతిరాత?” అన్నాను.

“ఆయనదే. ముగ్గురు నిపుణులు చూశారు. నూటికి నూరుపాళ్ళు.”

“గ్లాసు?”

“టీలో నిద్రమందు. పదిమందిని పడుకోబెట్టేంత. వేలిముద్రలు ఆయనవే. పనిమనిషి మూడున్నరకి చేపల కోసం వరసలో నిలబడ్డానికి వెళ్ళింది, ఆరూ పదికి తిరిగొచ్చి చూసింది. తలుపు గడియ దానంతటదే పడేది. ఇంకేం కావాలి మీకు? బ్యాండు మేళమా?”

“చావబోయేవాడెవడైనా ‘అందుచేత’ అని మొదలుపెడతాడా?”

“కళాకారుడు కదండీ. మీరూ నేనూ అయితే ‘అయ్యా’ అని మొదలుపెడతాం.” తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. “సాయంత్రం ఐదింటికి కేసు మూసేస్తున్నాను. మీ సంతకం కూడా ఉంటే బాగుంటుంది. లేకపోయినా బాగానే ఉంటుంది.”

కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టుకున్నాను. కుడివైపు పై మూలని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించారు. పేజీ అంకె వేసే చోటు అది.

“ఈ మూల ఏమైంది?”

“చిరిగుంటుంది.”

“చిరిగింది కాదు, కత్తిరించింది. కత్తెరకీ వేలికీ తేడా మీ కాలేజీలో చెప్పలేదా?”

రుదకోవ్ మొహం మాడింది. ఆ మొహం చూడ్డానికైనా నేను ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఉండొచ్చు.

తొరోపోవ్ గదిని మొదటినుంచి చూడ్డం మొదలుపెట్టాను. పియానో. గోడమీద ప్రశంసాపత్రాలు పదకొండు. అన్నిటికన్నా పెద్దది సిమెంటు కర్మాగారం మీద కట్టిన బృందగానానికి వచ్చింది. మనిషికి నిజంగా చెవి ఉండేదనీ, యుద్ధానికి ముందు రాసినవాటికి జనం హాల్లో లేచి నిలబడి ఏడ్చేవాళ్ళనీ అంటారు. సిమెంటుకి ఎవరూ ఏడ్చినట్టు లేదు, బహుమతి మాత్రం వచ్చింది.

బల్లమీద కొత్త సింఫనీ రాతప్రతి. ఆయన ఏడో సింఫనీ. పేజీ అంకె రెండు నుంచి మొదలైంది. ఒకటో పేజీ లేదు. స్వరాలు ఒక్కొక్కటీ చితికిన బొద్దింకంత ఉంది. గీతలు పైకీ కిందికీ పాకాయి. పేజీ అంచులో ‘మెల్లగా’ అన్న ఒక్క మాట రాయడానికి మూడుచోట్ల కలం జారి కాగితం చిరిగింది.

పక్కన ఉత్తరం పెట్టి చూశాను. దారంలాంటి రాత.

“ఫ్యోక్లా ఇవానొవ్నాకి ఈ ఉత్తరం చూపించారా?” అని అడిగాను.

“పనిమనిషికా? ఆవిడకి చదువు రాదు.”

“చదివి వినిపించారా?”

“ఎందుకు?” అన్నాడు రుదకోవ్. ఆ అడగడంలో ఆశ్చర్యం నిజమైనదే. చదువురానివాళ్ళకి చెవులుంటాయని అతనికి తట్టలేదు.

ఫ్యోక్లా ఇవానొవ్నాను పిలిచాను. అరవై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లోనే పనిచేస్తోంది. తడి చేతులు కొంగుగుడ్డకి తుడుచుకుంటూ వచ్చి, రుదకోవ్ వైపు ఒకసారి, అతని బూట్ల వైపు ఒకసారి చూసి, గడప దగ్గరే నిలబడింది.

“మంగళవారం ఆయనకి టీ ఎవరు పెట్టారమ్మా?”

“నేను వెళ్ళేముందు కెటిల్ మీద గుడ్డ కప్పి వెళ్ళాను నాయనా. ఎవరైనా వస్తే తనే పోస్తానన్నాడు.”

“ఎవరైనా వస్తారన్నాడా?”

“‘వస్తే’ అన్నాడు. పేరు చెప్పలేదు. మొహం మాత్రం పన్నుపోటు వచ్చినట్టు పెట్టాడు.”

“వెండి పిడి ఉన్న గ్లాసులో తాగాడట.” బల్లమీద సుద్దతో గీసిన గుండ్రం చూపించాను. గ్లాసు పరీక్షకి వెళ్ళింది.

ఫ్యోక్లా నన్ను జాలిగా చూసింది. “గ్లాసా? ఆయనా? బాగానే ఉంది మీ చదువు! గ్లాసు ముట్టుకుని నాలుగేళ్ళయింది. చేతులు రెండూ వణుకుతాయి. బల్లంతా టీ, చొక్కాంతా టీ. అందుకే రెండు పిడుల ఎనామెల్ చెంబు కొన్నాను. సగం పోసి ఇస్తే రెండు చేతులా పట్టుకుని తాగేవాడు. ఎవరికైనా చెప్తే నన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు. కీర్తి ఉన్నవాళ్ళ రోగాలు కూడా రహస్యమే కదా!”

“ఆ చెంబేది?”

“వంటింట్లోనే ఉంది. కడిగి, బోర్లించి. నేను దాన్ని ఎప్పుడూ మేకుకి తగిలిస్తాను నాయనా, బోర్లించను. తుప్పు పడుతుంది.”

రుదకోవ్ గొంతు సవరించుకున్నాడు. నేను చెయ్యెత్తి ఆపి, ఉత్తరం తీశాను.

“ఇది ఎప్పుడైనా విన్నావేమో చెప్పు. ‘అందుచేత మీ ముందు తల ఎత్తుకుని నిలబడే అర్హత నాకు లేదు.’” అక్కడ ఆగాను.

ఆవిడ చేతులు తుడుచుకోవడం ఆపింది.

“‘నా దారి తప్పుడు దారి,’” అంది. కళ్ళు మూసుకుంది. “‘నా చెవి నన్ను మోసం చేసింది, నేను ప్రజలను మోసం చేశాను. ఏ శిక్ష అయినా నాకు తక్కువే. నన్ను క్షమించండి.’ అంతే కదా? అక్కడ గొంతు తగ్గించమని చెప్పారాయనకి.”

కాగితం బల్లమీద పెట్టాను.

“ఎవరు చెప్పారు?”

“ఇంకెవరు? రొదియోన్ పావ్లొవిచ్ జబేలిన్! సంగీతకారుల సంఘం కార్యదర్శి. నలభై ఎనిమిది ఫిబ్రవరిలో. అందరి చేతా తప్పొప్పుకోలు రాయించారుగా అప్పుడు. ఆయన పక్కన కూర్చుని ఒక్కో మాటా చెప్తుంటే ఈయన రాశాడు. రెండు కాగితాలు. పొద్దుటినుంచి ఆ అద్దం ముందు నిలబడి చదవడమే పని. నలభైసార్లు చదివాడు. నేను ఈ గచ్చు తోముతూ విన్నాను. నాకు ప్రార్థనలకంటే అదే బాగా వచ్చు.”

“మొదటి కాగితంలో ఏముంది?”

“ఓసిప్ ఉన్నాడు.” ఆవిడ పియానో వైపు చూసింది. “ఓసిప్ బ్రాగిన్. వయొలిన్ వాయించేవాడు. ఈ ఇంట్లోనే అన్నం తినేవాడు. ‘నన్ను చెడగొట్టింది వాడే, పరాయి దేశాల సంగీతం నా చెవిలో పోసింది వాడే’ అని రాయించాడు జబేలిన్. ఏడాది తిరక్కుండా వాణ్ణి తీసుకుపోయారు. తిరిగి రాలేదు. మావాడికి బహుమతి వచ్చింది. ఆ బహుమతి డబ్బుతో ఈ పియానో. పదేళ్ళు దీనికి దుమ్ము తుడిచానుగానీ ఏనాడూ ముద్దుగా తుడవలేదు.”

“ఆ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?”

“సభలో చదివాక జబేలినే తీసుకుని తన సంచిలో పెట్టుకున్నాడు.”

“ఈ సింఫనీ మొదటి పేజీలో ఏం రాసుంది?”

“నాకు చదివి వినిపించాడు. ‘ఓసిప్‌కి, వాడి మీద నేను చెప్పిన అబద్ధానికి.’ వచ్చేనెల సభలో లేచి నిలబడి ఎవరు రాయించారో, ఎందుకు రాయించారో చెప్తానన్నాడు. ‘ఈసారి నా కాగితం నేనే రాసుకుంటా ఫ్యోక్లా’ అన్నాడు.” కొంగుగుడ్డతో ముక్కు తుడుచుకుంది. “పదమూడేళ్ళు పిరికిగా బతికాడు నాయనా. పదమూడు రోజులు ధైర్యంగా ఉన్నాడో లేదో, చూడు.”

ఆవిడ వెళ్ళిపోయాక రుదకోవ్ తలుపు మూశాడు.

“అయిందా నాటకం? ఒక ముసలిదాని జ్ఞాపకం మీద కేసు నడుపుతారా?”

“నీ నిపుణులు ముగ్గురూ ఎవరి చెయ్యో చెప్పారు. ఏ సంవత్సరం చెయ్యో అడిగావా? ఈ సింఫనీ రాసిన చేత్తో ఈ ఉత్తరం రాయడం కుదరదు. మనిషి ఒకడే, చెయ్యి పదమూడేళ్ళ కిందటిది. పేజీ అంకె రెండు అని ఉంది కాబట్టి మూల కత్తిరించారు. చేతులు వణికేవాడు నిండు గ్లాసు ఎత్తి, బల్లమీద ఒక్క చుక్క పడకుండా సగం తాగాడట. మందు చెంబులో తాగించి, చెంబు కడిగి, గ్లాసు తెచ్చి పెట్టి, చచ్చినవాడి వేళ్ళు దానికి అద్దినవాడికి ఈ వణుకు సంగతి తెలీదు. చెంబు ఇంట్లో ఏదో పాత సామాను, అంత పేరున్నవాడి చావు దగ్గర గ్లాసే ఉండాలి అనుకున్నాడు.”

“తాగినవాడు చెంబు ఎత్తుతుంటే వణుకు కనపడదా?”

“మంచి ప్రశ్న బాబూ. ఈ కేసులో నీ మొదటిది. ఎవరైనా ఎదురుగా ఉంటే తొరోపోవ్ టీ ముట్టడు, పరువు తక్కువ. కాబట్టి వచ్చినవాడు మందు కలిపి, ఇక వెళ్తానని చెప్పి బయటికి నడిచాడు. గడియ పడకుండా చూసుకుని, మెట్లమీద ఆగి, మళ్ళీ వచ్చాడు.”

రుదకోవ్ గోళ్ళు చూసుకున్నాడు. తరవాత గడియారం చూశాడు. పన్నెండు కావడానికి పది నిమిషాలుంది.

“జబేలిన్ ఎవరో తెలుసా మీకు? ఆయన ఫోన్ ఎత్తితే మీ పెన్షన్ ఎగిరిపోతుంది.”

“నా పెన్షన్‌తో పిల్లికి పాలు కూడా రావు. ఎగరనీ.”

“మీ ఇష్టం పెద్దాయనా. ఐదింటికి మూసేస్తాను.” ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, నాకు రసీదు ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. మెట్లమీద అతని బూట్ల చప్పుడు మామూలుకంటే తొందరగా దిగింది. అది నేను గమనించాను. దానికి అర్థం మాత్రం తట్టలేదు, అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఒకటిన్నరకి సంఘం భవనంలో కోట్లు భద్రపరిచే ఆవిడతో మాట్లాడాను. మంగళవారం మేడమీద విద్యార్థులు నలుగురు కలిసి వాయించే క్వార్టెట్ కార్యక్రమం ఉంది. జబేలిన్ నాలుగుంపావుకి కోటు అడిగాడు. ఐదూ నలభైకి తిరిగిచ్చాడు. ఆవిడకి ఎలా గుర్తు? రొదియోన్ పావ్లొవిచ్ ఏనాడూ చేతిలో చిల్లర పెట్టడు, ఆ రోజు ఒకసారి వెళ్ళేటప్పుడూ, మళ్ళీ వచ్చేటప్పుడూ రెండుసార్లు పెట్టాడు. భయపడ్డ పిసినారి పట్టుబడడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

రెండింటికి ఆయన గదిలోకి వెళ్ళాను.

జబేలిన్ జన్మలో నాలుగు సైనిక గీతాలు కట్టాడు. వాటిలో మూడు ఇతరులవాటిలా ఉంటాయి, నాలుగోది ఆ మూడింటిలా ఉంటుంది. మిగతా జీవితమంతా ఇంకొకళ్ళు ఏం రాయాలో చెప్పడంలోనే గడిచింది. బల్లమీద పళ్ళెంలో క్రీము కేకు. మీసానికి కాస్త క్రీము.

“రండి మేజర్. పాపం మన గూరి! దేశం ఒక మహా...”

“అది పేపరువాళ్ళకి దాచుకోండి. మంగళవారం నాలుగుంపావు నుంచి ఐదూ నలభై దాకా ఎక్కడున్నారు?”

“నెవా నది ఒడ్డున నడిచాను. ఆ క్వార్టెట్ వినుంటే మీరూ నడిచేవారు.”

“తొరోపోవ్ ఇంటికి ఇక్కణ్ణుంచి పన్నెండు నిమిషాలు.”

“నెవా ఒడ్డుకీ అంతే. ఈ ఊళ్ళో ఎక్కడికైనా పన్నెండు నిమిషాలే.”

“నలభై ఎనిమిదిలో మీరు చెప్పి రాయించిన ఉత్తరం అసలు ప్రతి ఏది?”

“పదమూడేళ్ళనాటి చెత్త! ఎలుకలు తినుంటాయి.”

“మొదటి కాగితం తిన్నాయా, రెండోదా?”

చెంచా పళ్ళెంలో పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. “చూడండి. గూరికి పొగరు. నాలుగేళ్ళుగా నాకు చెయ్యి కూడా అందించలేదు. పదిమందిలో చెయ్యి చాపితే జేబులో పెట్టుకుని నిలబడేవాడు. అలాంటివాడి ఇంటికి నేనెందుకు వెళ్తాను?”

“అది పొగరు కాదు రొదియోన్ పావ్లొవిచ్. వణుకు. నాలుగేళ్ళుగా ఆయన ఏ చెయ్యీ పట్టుకోలేకపోయాడు. కలం పట్టలేడు. గ్లాసు పట్టలేడు.”

ఆ ‘గ్లాసు’ అన్న మాట ఆయన మొహంలో ఎక్కడ దిగిందో నేను చూశాను. కళ్ళ కింద చర్మం ఒక్కసారి వదులైంది. నాలుగేళ్ళు అవమానమనుకుని మోసిన కోపం, చివరికి రోగాన్ని చూసి పడిన కోపమని ఆ క్షణంలో తెలిసింది ఆయనకి. జాలి పడడానికి నాకు మనసు రాలేదు.

మీసం తుడుచుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో నూనె తిరిగొచ్చింది.

“ఆ రోజుల్లో ఎవరు రాయలేదు మేజర్? మీరు రాయలేదా? నలభై తొమ్మిది నవంబరు. మీ బావమరిదిని పట్టుకెళ్ళినప్పుడు. పార్టీ జిల్లా కమిటీలో నేను ఎడమవైపు మూడో కుర్చీలో ఉన్నాను. ‘వాడితో నాకు ఏ సంబంధమూ లేదు’ అని చదివారు. చక్కటి కంఠం. చక్కటి రాత కూడా.”

నా భార్య నీనా నాతో చివరిసారి మాట్లాడింది ఆ సాయంత్రమే. తన బట్టలు ఒక సూట్‌కేసులో సర్దుకుని వెళ్ళిపోయింది. ఈ బిల్డింగులో అందరినీ చీదరించుకుంటూ మెట్లెక్కాను, వాళ్ళ వరసలో నాక్కూడా ఒక కుర్చీ ఉందని జబేలిన్ చూపించాడు.

“మీదీ రెండో పేజీ ‘అందుచేత’ అనే మొదలవుతుంది,” అన్నాడు నవ్వుతూ. “ఆ మాట లేకుండా ఎవడూ క్షమాపణ రాయలేడనుకుంటా.”

“మళ్ళీ కలుద్దాం,” అని లేచాను.

“తప్పకుండా. ఒంట్లో జాగ్రత్త.”

మెట్లు దిగుతుండగా, మూడో మెట్టుమీద కాళ్ళు ఆగిపోయాయి. విన్నవాడికి మాటలు గుర్తుండొచ్చు. కంఠం గుర్తుండొచ్చు. ఏ మాట దగ్గర పేజీ తిరిగిందో పన్నెండేళ్ళ తరవాత ఎవడికీ గుర్తుండదు. రాసిన నాకే గుర్తులేదు. అది తెలియాలంటే కాగితాన్ని కళ్ళారా చూడాలి. ఇవాళో నిన్నో చూడాలి.

ట్రాం కోసం ఆగకుండా నడిచాను. యాభై ఆరేళ్ళవాడు పరిగెడితే జనం చూస్తారు కాబట్టి పరిగెత్తలేదు, అంతే.

మా కార్యాలయంలో సిబ్బంది కాగితాలు చూసేది తైసియా కార్పొవ్నా. నేను వెళ్ళేసరికి మూడు కావడానికి పావుగంట ఉంది. ఊలుతో మేజోడు అల్లుకుంటోంది.

“నా ఫైలు ఎవరైనా తీసుకున్నారా ఇవాళ?”

“మీరు పంపారుగా! రుదకోవ్ అలాగే చెప్పాడు. ఏదో ఉమ్మడి నివేదికకి కావాలని.” రిజిస్టరు నా వైపు తిప్పింది. తీసుకున్నది పన్నెండూ ఇరవై ఐదు. తిరిగిచ్చింది ఒకటీ పది. కింద రుదకోవ్ సంతకం, బూట్లంత మెరుపుతో.

తొరోపోవ్ ఇంట్లోంచి అతను దిగిన ముప్పై ఐదు నిమిషాలకి. ఉత్తరం సంగతి నేను విప్పి చెప్పింది అతనికే. ఆ చెప్పడంలో నాకు ఎంత ఆనందంగా అనిపించిందో గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నేనే పాఠం చెప్పాను. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు.

ఫైలు తెరిచాను. నవంబరు 1949. మొదటి కాగితం ఉంది. నా చేతిరాత, అప్పటి నల్ల సిరా. చివరి వాక్యం సగంలో ఆగింది. దాని వెనక రెండు సూది రంధ్రాలు, రెండో కాగితం కుట్టిన చోట. కాగితం లేదు.

దానిమీద ఏముందో ఇప్పుడు వరసగా గుర్తొచ్చింది. అందుచేత నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఈ మచ్చతో బతకడం కష్టం. నా తప్పుకి నేనే బాధ్యుణ్ణి, ఇంకెవరినీ అనుమానించవద్దు. సవ్వా కుజెలెవ్. నా చెయ్యి వణకదు. ఈ చేత్తో నిన్న రాశానన్నా ఏ నిపుణుడూ కాదనడు.

“తైసియా కార్పొవ్నా, రిజిస్టరులో రాయండి. రెండో కాగితం లేదు. టైము రాయండి. మీరు సంతకం పెట్టండి, నేనూ పెడతాను.”

“అంత పెద్ద మాటా! ఎక్కడో జారిపోయి ఉంటుంది.” అయినా మేజోడు పక్కన పెట్టి రాసింది. రాస్తూ రాస్తూ తలెత్తింది. “ఆ కుర్రాడు మంచివాడండీ. ఇందాకే ఫోన్ చేశాడు. మీ గురించి తెగ బెంగపడుతున్నాడు. ఈమధ్య మీరు ఏదో దిగులుగా ఉంటున్నారట. సాయంత్రం ఇంట్లో తోడుగా ఎవరైనా ఉంటారా అని అడిగాడు.”

“మీరేం చెప్పారు?”

“ఉన్నమాటే చెప్పాను,” అంది ఆవిడ, సిరా ఆరడానికి కాగితం మీద ఊదుతూ. “ఒక్కరే ఉంటారన్నాను.”